స్టాండ్ మిక్సర్ ఇంటికొచ్చింది సరే, దాన్ని ఎట్ల వాడాలె

ముందుగాల ఒక సంగతి చెప్పుకుందాం. స్టాండ్ మిక్సర్ అంటే మిక్సీ కాదు. ఇది అల్లం ఎల్లిపాయ నూరదు, పల్లి చట్నీ పట్టదు, మినపపప్పు రుబ్బదు. దీని పని ఒక్కటే, కలుపుడు. పిసకాల్సింది పిసుకుతది, గిలక్కొట్టాల్సింది గిలక్కొడ్తది, గంతే. మా ఇంటికి వచ్చిన రోజు అత్తమ్మ దాని చుట్టు తిరిగి చూసి "గింత పెద్ద గిర్ని ఎందుకే, బ్లేడేది దీనికి" అన్నది. ఆమె అడిగినదాంట్ల తప్పేం లేదు, మా గల్లీల సగం మంది గదే అడిగిండ్రు. అప్పటి సంది మా ఇంట్ల దాని పేరు తెల్ల గిర్ని.

నేను పుట్టింది పాలమూరుల, జడ్చర్ల దిక్కు, ఇచ్చింది నల్లగొండల. రెండు దిక్కుల వంటలు చేస్త కాబట్టి ఏది దీంట్ల అయితది ఏది కాదు అనేది నాలుగేండ్ల సంది పిండి పాడుచేస్కుంట నేర్చుకున్న. కొందామా వద్దా అనుకునేటోళ్ళు, కొని సజ్జ మీద పెట్టినోళ్ళు, అమెరికా నుంచి మరిదో తమ్ముడో తెచ్చిస్తె ఏం చెయ్యాల్నో తెల్వక మీద బట్ట కప్పినోళ్ళు, అందరికీ పనికొస్తదని రాస్తున్న.

మొదలు: మీకు అవసరమా లేదా చూస్కోండి

ఇంట్ల నలుగురే ఉండి, రోజూ పొద్దుమీకి పది చపాతీలు చేస్కునేటోళ్ళైతే దీని జోలికి పోకండి. రెండు గ్లాసుల పిండి చేత్తో తడిపితే ఐదు నిమిషాలల్ల అయిపోతది, మిషన్ల వేస్తె గిన్నె కడుగుడే అంత సేపు పడ్తది. ఇంకోటి, పావుకిలో కన్న తక్కువ పిండి వేస్తె దాన్ని పిసికే వంకర కొక్కేనికి అందదు, గిన్నె అడుగున ఊరికే తిరుగుతుంటది.

ఎవరికి పనికొస్తదంటే, పండుగకు కిలోలకు కిలోలు భక్షాలు చేసేటోళ్ళకు, కేకులు చేసి అమ్మేటోళ్ళకు, బర్రె ఉండి వారానికింత మీగడ పోగయ్యేటోళ్ళకు, ఇగ చేతులు నొప్పులున్నోళ్ళకు. మా అత్తమ్మకు బొటనవేలి కీలు వాస్తది, పిండి పిసికిన రోజు రాత్రి నిద్ర పట్టేది కాదు ఆమెకు. నేను కొనిపిచ్చుకున్నది అసలు గందుకే, కేకుల కోసం అని చెప్తె మా ఆయన కొనకపోతుండె.

కొనేటప్పుడు వాట్లు కాదు, అడుగున చీటీ చూడండి

షాపోళ్ళు ముందు చెప్పేది వాట్లు. వెయ్యి వాట్లు, పన్నెండు వందల వాట్లు, అని. వాట్లంటే అది ఎంత కరెంటు తింటదో చెప్పేది, ఎంత పిండి తిప్పుతదో కాదు. కిచెన్‌ఎయిడ్ వాళ్ళ పేరుమోసిన మోడల్ 300 వాట్ల చిల్లరే, కాని లోపట మోటరు నుంచి పళ్ళచక్రాలతోనే నేరుగ తిరుగుతది, బెల్టు ఉండదు, కాబట్టి గట్టి పిండిని గూడ ఈడుస్తది. అందుకని వాట్లు పక్కకు పెట్టి ఇవి చూడండి.

మిషన్ను ఎత్తి అడుగున అతికిచ్చిన చీటీ చదవండి. దాంట్ల వోల్టేజి ఉంటది, మనకు 220-240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉండాలె. అదే చీటీ మీద కొన్నిటికి "కేబీ 5 మినిట్స్" లాంటి అక్షరాలుంటయి. చాన మంది పట్టించుకోరు గానీ అదే అన్నిటికన్న ముఖ్యం. కేబీ అంటే జర్మన్ భాషల కొద్ది సేపు నడిచేది అని, అంటే 5 నిమిషాలు నడిపి ఆపి చల్లారనియ్యాలె, ఆపకుండ నడిపితే మోటరు కాలుతది. పెద్ద డబ్బా మీద 1200 వాట్లని రాసి అడుగున చీటీల 5 నిమిషాలని రాసుంటె, పండుగ పూట మీ పని ఎట్ల నడుస్తదో మీరే ఆలోచించుకోండి.

తర్వాత బరువు. తేలిగ్గున్నది గట్టి పిండి పడంగనే బండ మీద నడుచుకుంట పోతది. మంచివి 10, 12 కిలోలుంటయి. ఇంట్ల దాన్ని ఎత్తి దించేటోళ్ళు ఎవరో కూడ ఇప్పుడే అనుకోండి. తల (మోటరు ఉండే పైభాగం) పైకి లేసే రకం, గిన్నె పైకి లేసే రకం అని రెండున్నయి, ఇండ్లకు తల లేసేదే సులువు, కాకపోతే పైన అల్మారీ ఉంటె తల తగులుతది, టేపు పట్టి కొలుసుకొని పోండి. గిన్నె నాలుగున్నర, ఐదు లీటర్లుంటె మన ఇండ్లకు సరిపోతది, స్టీలు గిన్నే తీస్కోండి.

స్పేర్లు ఎక్కడ దొరుకుతయో అడగండి. నల్లగొండల గానీ మబ్బూనగర్ల గానీ మిక్సీ రిపేరు చేసేటోళ్ళు క్లాక్ టవర్ చుట్టుపక్కల దొరుకుతరు, దీన్ని ముట్టుకునేటోళ్ళు తక్కువ. సర్వీసు అంటే హైదరాబాద్, రెండు ఊర్ల నుంచీ వంద కిలోమీటర్ల దూరం, ఆ బరువు పట్టుకొని బస్సుల పోవుడు ఎట్లుంటదో నేను అనుభవించిన. బిల్లు, డబ్బా, లోపటి థర్మాకోల్ అన్నీ వారంటీ అయిపోయేదాక దాచిపెట్టండి, ఆ థర్మాకోల్ లేకుండ పంపిస్తె దారిల మెడ విరుగుతది.

అమెరికా మిషనైతే ముందు ప్లగ్గు పెట్టకండి

ఇది వేరేగ చెప్పాలె, ఎందుకంటే మన దిక్కు చాన ఇండ్లల్ల గిదే కథ. అమెరికాల కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. అక్కడి మిషన్ను ఇక్కడ అడాప్టరు పెట్టి నేరుగ గోడకు పెడితే ప్లగ్గు పడ్తది, మోటరు పోతది. అడాప్టరు ప్లగ్గు ఆకారం మారుస్తదే గాని వోల్టేజి మార్చదు. మా వదినె వాళ్ళింట్ల గిట్లనే అయింది, తమ్ముడు డల్లాస్ నుంచి సూట్‌కేసుల మోసుకొచ్చిన మిషన్, బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టి స్విచ్చు వేసిండ్రు, ఒక్కసారి గుయ్యిమని లేసి సన్నటి పొగ వచ్చింది, గంతే, ఇప్పుడది షోకేసుల ఉన్నది.

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలె, లోపట రాగి చుట్ట ఉన్న బరువైనది. చేతిల పట్టే చిన్న ప్లాస్టిక్ కన్వర్టర్లు ఇస్త్రీ పెట్టెల లాంటి వాటికి తప్ప మోటర్లకు వద్దు. మిషన్ 325 వాట్లుంటె ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెండింతలన్న ఉండాలె, నేనైతే 1000 తీస్కోమంట, పిండి గట్టి పడ్డప్పుడు మోటరు ఎక్కువ గుంజుతది కదా. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజినే మారుస్తది, మన 50 హెర్ట్జును 60 చెయ్యదు. పని ఆగదు గాని మొదటి రోజులు చెయ్యి పెట్టి వేడి చూస్కుంట నడపండి. ఇక్కడ వారంటీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఎక్కడ పెట్టాలె

ఒక్క చోట పెట్టి మళ్ళ తియ్యొద్దు. సజ్జ మీద పెడితే ఏడాదికి ఒకసారి దించుతరు, అదీ పండుగ నాడు లొల్లిల. వంట గట్టు మీద, స్టవ్వుకు రెండు మూరల దూరంల, నీళ్ళ నల్లా కింద కాకుండ పెట్టండి. గ్రానైట్ మీద తడి ఉంటె రబ్బరు కాళ్ళు జారుతయి, కింద పొడిగ తుడవండి. జారుడు ఆగకపోతే పాత యోగా చాప ముక్క కోసి కింద వేస్తె మంచిగ పట్టుకుంటది, నేను గదే చేసిన.

ప్లగ్గు మూడు కాళ్ళది, ఎర్తింగు ఉన్న బోర్డుకే పెట్టండి. వెయ్యి వాట్ల మిషన్ కూడ నాలుగున్నర ఆంపియర్లు కూడ గుంజదు, కాబట్టి మామూలు 6 ఆంపియర్ల సాకెట్టు చాలు, కాని అదే బోర్డుల ఫ్రిజ్జు, ఓవెన్, ఇది అన్నీ గుచ్చకండి. బోర్లు నడిచే సీజన్ల మన దగ్గర వోల్టేజి పడ్తది కదా, లైట్లు మబ్బుగైనప్పుడు పిండి వెయ్యకండి, మోటరు మెల్లగ తిరిగి వేడెక్కుతది. కరెంటు పోతే ముందు స్పీడు గుబ్బను సున్నకు తిప్పండి, లేకుంటె కరెంటు వచ్చినప్పుడు మీ చెయ్యి గిన్నెల ఉండంగనే లేస్తది.

ఇగ కొంగు. చీర కొంగు నడుముకు చెక్కుకోండి, చున్నీ తీసెయ్యండి, జడ ఎనకకు వేస్కోండి. తిరిగేటప్పుడు గిన్నెల చెయ్యి పెట్టొద్దు, గరిటె పెట్టొద్దు, గాజుల చెయ్యైతే అసలే వద్దు. మిక్సీకి మూత ఉంటది, దీనికి నోరు తెరిసే ఉంటది, పిల్లలున్న ఇంట్ల గిది గుర్తుండాలె.

రూపాయి బిళ్ళ పరీక్ష

కొత్త మిషన్ రాంగనే చెయ్యాల్సిన పని ఇది, ఎవ్వరూ చెయ్యరు. మిషన్ తలకు తగిలిచ్చేటివి మూడొస్తయి దాంతోటి. చదునుగ ఆకు లెక్క ఉండేది బీటరు, తీగెలది విస్కు, వంకర కొక్కెం పిండికి. ఇవి తన చుట్టు తాను తిరుక్కుంట గిన్నె చుట్టు కూడ తిరుగుతయి, భూమి సూర్యుని చుట్టు తిరిగినట్టు, గందుకే గిన్నె కదలకున్నా అన్ని దిక్కులకు అందుతయి. కాని అడుగుకు, బీటరుకు మధ్యల సందు సరిగ్గ ఉండాలె. సందు ఎక్కువుంటె అడుగున పొడి పిండి మిగుల్తది, తక్కువుంటె కర్రు కర్రుమని గిన్నె గీసుకుపోయి నల్లటి పొడి పిండిల కలుస్తది.

అమెరికాల దీనికి డైమ్ అనే నాణెం వాడ్తరు, 1.35 మిల్లీమీటర్ల మందం. మన కొత్త రూపాయి బిళ్ళ 1.45 ఉంటది, దాదాపు అంతే. బిళ్ళను కడిగి ఖాళీ గిన్నెల వేసి, బీటరు తగిలిచ్చి, అన్నిటికన్న తక్కువ స్పీడుల పెట్టండి. బీటరు తిరిగినప్పుడల్ల బిళ్ళను అరంగుళం అంత నెట్టుకుంట పోవాలె. అసలే కదలకపోతే బీటరు ఎక్కువ పైకున్నట్టు, బిళ్ళను పట్టుకొని ఆపకుండ తిప్పుతుంటె కిందికున్నట్టు. తల లేసే రకం కిచెన్‌ఎయిడ్‌లకు తల ఎత్తితే మెడ కాడ ఒక స్క్రూ కనబడ్తది, ఎడమకు తిప్పితే తల పైకి, కుడికి తిప్పితే కిందికి, అది గూడ పావు చుట్టు కన్న ఎక్కువ తిప్పకండి, మళ్ళ బిళ్ళ వేసి చూడండి. కొన్ని కంపెనీలకు బీటరు కాడకే నట్టు ఉంటది, దాన్ని స్పానరుతో వదులు చేసి సరిచేస్కోవాలె. పని అయినంక బిళ్ళ తీసుడు మర్చిపోకండి, నేను మర్చిపోయి చపాతీ పిండి వేసిన, మా ఆయనకు ఆ పూట రూపాయి దొరికింది.

మొదటి పిండి చపాతీదే కలపండి

మొదటి రోజు నేను చేసిన ఘనకార్యం, కిలో పిండి పోసి స్పీడు గుబ్బ ఆరో నంబరు మీద పెట్టిన. పిండి లేసి గోడకు, కిటికీకి, మా అత్తమ్మ నెత్తికి. మిషన్ గజగజ వణుక్కుంట బండ అంచుకు వచ్చింది, మా ఆయన ఉరికొచ్చి పట్టుకున్నడు. కాబట్టి ఒక్కటే గుర్తు పెట్టుకోండి, కొక్కెం పెట్టినంక రెండో నంబరు దాటొద్దు. పిండి ఎంత ఆలస్యమైనా రెండే. ఆ పై నంబర్లన్నీ గాలి కొట్టే పనులకు.

అరకిలో గోధుమ పిండితో మొదలుపెట్టండి. ముందు గిన్నెల నీళ్ళు పోసి, ఉప్పు వేసి, తర్వాత పిండి వెయ్యండి, పిండి ముందు వేస్తె అడుగున పొడి అట్లనే ఉండిపోతది. నీళ్ళు 325 మిల్లీలీటర్లు పోసి మొదలువెట్టి, ఒక చిన్న గ్లాసు నీళ్ళు పక్కకు పెట్టుకోండి. ప్యాకెట్టు పిండికి, గిర్నిల పట్టిచ్చిన పిండికి ఒక్క లెక్క కాదు, గిర్ని పిండిల పొట్టు ఉంటది, మనం జల్లెడ పట్టినా కొంత మిగుల్తది, అది నీళ్ళు ఎక్కువ తాగుతది, కొద్దిగ ఆగి తాగుతది. 350 దాక పోవచ్చు.

ఒకటో నంబరుల ఒక్క నిమిషం తిప్పండి. పొడి కనబడకుండ గరుకుగ ముద్ద అయితది. అప్పుడు ఆపి, మీద పళ్ళెం మూసి, పదిహేను ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. ఈ ఆగుడే సగం పని చేస్తది, పిండి నీళ్ళు తాగి దానంతట అదే సాగుడు పట్టుకుంటది, మీకు మిషన్ నడిపే సమయం తగ్గుతది, మోటరు బతుకుతది. తర్వాత రెండు చెమ్చాల నూనె వేసి రెండో నంబరుల నాలుగు నిమిషాలు. ముద్ద కొక్కేన్ని పట్టుకొని, గిన్నె అంచులు తుడిచినట్టు శుభ్రంగ కనబడితే అయినట్టే. అంచులకు అంటుతుంటె రెండు చెమ్చాల పిండి, కొక్కేనికి రాయి లెక్క తగిలి టకటకమంటుంటె చెమ్చ చెమ్చ నీళ్ళు. పిండి కొక్కెం మీదికి ఎక్కుతుంటది అప్పుడప్పుడు, ఆపి, తల ఎత్తి, కిందికి దోపి మళ్ళ పెట్టండి.

అయిందో లేదో చూసేది మాత్రం చెయ్యే. బొటనవేలితో నొక్కండి, గుంత మెల్లగ నిండితే సరిపోయింది. మిషన్ల పిండి వేడెక్కుతది ఎట్లైనా, రాపిడికి. మే నెలల మా నల్లగొండల ఎండ 44, 45 దాక పోతది, నల్లా నీళ్ళే కాగినట్టుంటయి, అప్పుడు ఫ్రిజ్జు నీళ్ళు పోయండి.

ఐదు లీటర్ల గిన్నెల ఒక్కసారికి కిలో మైదా దాక అయితదని కంపెనీలు రాస్తరు. గోధుమ పిండి ఇంకా గట్టిది, నా లెక్కల ముప్పావు కిలో మించొద్దు. రెండు కిలోలు కావాలంటే మూడు వాయిలు చేస్కోండి, మధ్యల పది నిమిషాలు ఆపి, మిషన్ తలమీద చెయ్యి పెట్టి చూస్కుంట. తల వేడిగుండి చెయ్యి పెట్టలేకపోతే ఆపెయ్యండి.

భక్షాలు: దీని అసలు పండుగ

ఉగాదికి, హోళికి మన దిక్కు భక్షాలు చేస్తం కదా, కొంతమంది పోలెలంటరు. ఆ పిండి చేత్తో కలిపినోళ్ళకు తెలుసు, జారుడుగుండాలె, సాగాలె, చిరగొద్దు. అరగంట పిసికితే భుజాలు పోతయి. ఇక్కడ మిషన్ పైసా వసూల్.

అరకిలో మైదాకు 350 నుంచి 360 మిల్లీ నీళ్ళు, చిటికెడు ఉప్పు, కొంచెం పసుపు. చపాతీ లెక్కనే ఒక్క నిమిషం కలిపి, ఇరవై నిమిషాలు ఆగి, రెండో నంబరుల నాలుగు నిమిషాలు, ఆపి రెండు నిమిషాలు, మళ్ళ నాలుగు. ఈ రెండో సారి తిరిగేటప్పుడు నూనె చెమ్చ చెమ్చ వెయ్యండి, ఒక్కసారే పోస్తె పిండి నూనెల ఈత కొడ్తది తప్ప కలవదు. చిన్న ముద్ద తీసి రెండు చేతుల వేళ్ళతో మెల్లగ చాపండి. పల్చటి పొర లెక్క సాగి అవతలి ఎలుగు కనబడాలె, చిరగకుండ. చిరిగితే ఇంకో రెండు నిమిషాలు. తర్వాత పైన నూనె పోసి రెండు గంటలు నాననియ్యండి.

పూర్ణం కూడ దీంట్లనే అయితది. శనగపప్పు పలుకు లేకుండ ఉడకాలె, కాని జావ కావొద్దు. నీళ్ళు వంచి (ఆ నీళ్ళు పారపొయ్యకండి, చారు పెట్టుకోవాలె) బెల్లంతోటి దగ్గరికి ఉడికిచ్చి, గోరువెచ్చగ అయినంక బీటరు పెట్టి రెండో నంబరుల రెండు మూడు నిమిషాలు మెదపండి. పప్పు సగం ఉడికి పలుకుంటె బీటరు దాన్ని చెయ్యగలిగింది ఏం లేదు, అది రోలు కాదు. అట్లనే పల్చగున్న పూర్ణాన్ని ఎంత తిప్పినా గట్టి పడదు, మళ్ళ పొయ్యి మీద పెట్టాల్సిందే.

గారెలకు గాలి, మీగడకు వెన్న

పెత్రమాస నాడు గారెలు లేకుంటె మా ఇంట్ల పెద్దలు ఒప్పుకోరు, అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ, పనే పని. మినపపప్పు మూడు నాలుగు గంటలు నానబెట్టి, గ్రైండర్ల గానీ మిక్సీల గానీ చల్లటి నీళ్ళు చిలకరిచ్చుకుంట గట్టిగ రుబ్బండి. మిక్సీల రుబ్బిన పిండి గ్రైండర్ది లెక్క పొంగదని అంటరు కదా, ఆ తేడాను ఈ మిషన్ సగం తీరుస్తది. రుబ్బిన పిండిని గిన్నెల వేసి బీటరు పెట్టి నాలుగో నంబరుల మూడు నాలుగు నిమిషాలు కొట్టండి. తీగెల విస్కు పెట్టకండి, గట్టి పిండికి తీగెలు వంగుతయి. తెల్లగ, తేలిగ్గ అయితది. ఒక చుక్క నీళ్ళల్ల వేస్తె తేలాలె. ఉప్పు చివరికి, ముందు వేస్తె పల్చబడ్తది. బొబ్బెర గారెలకు మాత్రం ఇదేం వద్దు, అవి కచ్చాపచ్చాగనే ఉండాలె, గాలి కొడితే రుచి పోతది.

వెన్న సంగతి. పది రోజుల మీగడ ఫ్రిజ్జుల పోగుచేసి, ముందు రోజు రాత్రి రెండు చెమ్చాల పెరుగు కలిపి బయట పెట్టి, పొద్దున మళ్ళ ఫ్రిజ్జుల పెట్టి చల్లగ కానియ్యండి. గిన్నె సగం కన్న ఎక్కువ నింపొద్దు. విస్కు పెట్టి నాలుగో నంబరు, ముందు క్రీము లెక్క గట్టిపడ్తది, గప్పుడు విస్కు తీసి బీటరు పెట్టండి, లేకుంటె వెన్నంత తీగెల మధ్యల ఇరుక్కుంటది. చప్పుడు మారంగనే, అంటే చప్పక్ చప్పక్ అని నీళ్ళ చప్పుడు రాంగనే, రెండో నంబరుకు తగ్గించి మిషన్ మీద పెద్ద టవల్ కప్పండి, వెన్న విరిగినప్పుడు మజ్జిగ ఎగిరి పడ్తది. పది నిమిషాల లోపట వెన్న తేలుతది. ఎండకాలం నాలుగు ఐసు ముక్కలు వెయ్యండి, కాని తిరిగేటప్పుడు కాదు, ఆపినంక. మా అత్తమ్మ కవ్వం పక్కకు పెట్టింది దీని చలవతోనే, మిషన్ను ఒప్పుకున్నది గూడ గా రోజే.

బతుకమ్మకు మలీద ముద్దలు చేస్తరు కదా, చపాతీలు తుంచి బీటరుతో బెల్లం కలిపి తిప్పితే రెండు నిమిషాలల్ల అయిపోతది. నెయ్యి వేసి చేత్తో ముద్దలు చెయ్యండి.

కేకు గురించి నాలుగు ముక్కలు

కేకు గురించి అందరూ చెప్తనే ఉంటరు, నేను మన ఎండ గురించి చెప్త. వెన్న, చక్కెర కలిపి కొట్టుడంటే వెన్నల గాలి నింపుడు. వెన్న వేలితో నొక్కితే దిగాలె, మెరవొద్దు. 18, 20 డిగ్రీల మధ్యల ఉండాలె అంటరు, మన వంటింట్ల ఏప్రిల్ నెలల అంత చల్లగుంచుడు మామూలు సంగతి కాదు, "బయట పెట్టిన వెన్న" అని రెసిపీల ఉన్నదని గంట బయట పెడితే నూనె అయితది, గాలి నిలవదు, కేకు గట్టిగ వస్తది. ఫ్రిజ్జుల నుంచి తీసి పది నిమిషాలల్ల వాడేయండి. గుడ్లు ఒక్కొక్కటి వెయ్యండి. పిండి వేసినంక ఒకటో నంబరుల ఇరవై ముప్పై సెకండ్లు, గంతే, ఎక్కువ తిప్పితే మైదా సాగి కేకు రబ్బరయితది. భక్షాలకు మనం కోరుకున్న సాగుడే ఇక్కడ శత్రువు. క్రీము కొట్టేటప్పుడు గిన్నె, విస్కు రెండూ అరగంట ఫ్రీజర్ల పెట్టి తీయండి.

దీంట్ల వెయ్యొద్దనేవి

జొన్న రొట్టె. నేను పాలమూరు బిడ్డను, ఎంత మంది అడిగిండ్రో. జొన్నల గోధుమల ఉండే జిగురు ఉండదు, పది నిమిషాలు కాదు పది గంటలు పిసికినా సాగుడు రాదు. దాన్ని పట్టి ఉంచేది మసలే నీళ్ళు, అవి పిండిని ఉడికిచ్చి అంటుకునేటట్టు చేస్తయి, ఆ వేడి పోకముందే ఒక్కో రొట్టెకు సరిపోయేంత తీసి అరచేతి మడిమతో మెదిపి తట్టాలె. మిషన్ల మొత్తం ఒక్కసారే కలిపితే చివరి రొట్టెల వరకు చల్లారి అంచులు పగుల్తయి. చెయ్యే దానికి మిషన్.

అరిసెల పాకం పిండి వద్దు, వేడి మీద బంకలెక్క ఉండి చల్లారంగనే బిగుస్తది, కొక్కెం ఆగిపోయి లోపటి పళ్ళు పోతయి. సకినాల పిండికి నువ్వులు, వాము, ఉప్పు కలిపేదాక బీటరు పనికొస్తది, నీళ్ళు మాత్రం చేత్తో చూస్కుంటనే పొయ్యాలె, ఒక్క చెమ్చ ఎక్కువైనా చుట్ట తిరగదు. మురుకుల పిండి మంచిగనే అయితది.

కడుగుడు, దాచుడు, చప్పుడు వినుడు

గిన్నెల అంటిన పిండి ఎండిపోకముందే చల్లటి నీళ్ళు పోసి నానబెట్టండి, వేడి నీళ్ళు పోస్తె జిగురు ఉడికి అంటుకుంటది. స్టీలు తీగె పీచుతో గిన్నె రుద్దితే గీతలు, మెత్తటి పీచు చాలు. పెయింటు లేని అల్యూమినియం బీటరు, కొక్కెం డిష్‌వాషర్ల వేస్తె నల్లగయి చేతికి మసి అంటుతది, చేత్తో కడిగి వెంటనే తుడవండి. మిషన్ తలకు నీళ్ళు పొయ్యొద్దు, తడి బట్టతో తుడిస్తె చాలు, ప్లగ్గు తీసినంకనే. గాలి రంధ్రాలల్ల పిండి దుమ్ము పేరుకుంటది, అక్కడ ఆరిన కుంచె పెట్టి దులపండి. బొద్దింకలకు ఆ వెచ్చటి మోటరు చాన ఇష్టం, రాత్రికి పాత దిండు గలీబు తొడగండి.

నెలల తరబడి వాడకపోతే తల లోపట గ్రీసుల నూనె విడిపోయి బీటరు కాడ నుంచి పసుపు రంగు చుక్కలు కారుతయి, పిండిల పడ్తయి. చూసి భయపడకండి, తుడిచి, ఖాళీగ ఎక్కువ స్పీడుల రెండు నిమిషాలు నడపండి. పదిహేను రోజులకోసారన్న వాడితే ఇది రాదు. అయినా కారుతుంటె గ్రీసు మార్చాలె, అది తినే వస్తువుల మిషన్లకు వాడే గ్రీసే ఉండాలె, బండికి పెట్టేది పెడ్తనంటె మెకానిక్కును ఆపండి.

మోటరు తిరుగుతున్నది, కొక్కెం తిరుగుతలేదు, లోపట కరకరమంటున్నది అంటే మిషన్ పోయిందనుకోకండి. మంచి మిషన్లల్ల ఒక చక్రం కావాలనే మెత్తగ పెడ్తరు, బరువు ఎక్కువైతే ముందు అది అరిగి పోవాలె, మోటరు మిగలాలె అని. మాది రెండో ఏడు సంక్రాంతికి పోయింది, కిలోన్నర పిండి ఒక్కసారే వేసిన పాపానికి. వర్మ్ గేరు అని పేరు చెప్పి, అడుగున చీటీ ఫోటో తీసి పంపితే ఆ ఒక్క ముక్క హైదరాబాద్ నుంచి తెప్పియ్యొచ్చు, మొత్తం మిషన్ మోసుకపోయే పని లేదు. ఆ ముక్క వచ్చేదాక మా అత్తమ్మ మళ్ళ కవ్వం తీసింది, తీసి రోజుకు రెండు సార్లు అడిగింది, గిర్ని ఎప్పుడు బాగైతది అని.